చిన్న దేశాల మాటకు విలువ లేదా? అపోహలు - వాస్తవాలు

కావలిలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధిస్తున్న నాకు, అంతర్జాతీయ సంబంధాల పాఠం మొదలుపెట్టిన వారంలోనే ఏటా ఎదురయ్యే అభిప్రాయాలివి.

అపోహ: ఐక్యరాజ్యసమితిలో పెద్ద దేశాలు చెప్పిందే శాసనం.

వాస్తవం: ఐదు దేశాల చేతిలో వీటో ఉన్న భద్రతా మండలి వరకు ఇది చాలావరకు నిజమే. సర్వప్రతినిధి సభలో మాత్రం 193 దేశాలకూ తలా ఒక ఓటే. మన జువ్వలదిన్నె తీరంలో వేటకు వెళ్లేవారికీ వర్తించే 200 నాటికల్ మైళ్ల హద్దు కథ చూడండి. స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లయినా నిండీ నిండని చిన్న ద్వీపదేశం మాల్టా తరఫున 1967లో రాయబారి అర్విడ్ పార్డో, ఏ దేశానికీ చెందని సముద్రగర్భం మానవాళి ఉమ్మడి వారసత్వమని ఆ సభలో వాదించారు. అక్కడ మొదలైన చర్చలే 1982 నాటి సముద్ర చట్టాల ఒడంబడికకు దారితీశాయి. తీరం నుంచి 200 మైళ్ల వరకు సముద్రంలోని చేపలు, ఇతర వనరులపై తీర దేశానికే హక్కుండే ‘ప్రత్యేక ఆర్థిక మండలి’ అందులోనే స్థిరపడింది. ఆ మాటకొస్తే, 200 మైళ్ల వాదనను 1947లోనే లేవదీసిన చిలీ, పెరూ కూడా అగ్రరాజ్యాలు కావు. నిన్నమొన్నటి సంగతి కావాలంటే, వాతావరణ మార్పుపై దేశాల బాధ్యతలేమిటో తేల్చమని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని కోరే తీర్మానాన్ని 2023లో ఆ సభలోనే నెగ్గించుకున్నది పసిఫిక్‌లోని చిన్న ద్వీపదేశం వనువాటు. 2025 జులైలో న్యాయస్థానం తన అభిప్రాయం వెలువరించింది.

అపోహ: నేల తక్కువైతే బేరమాడే బలమూ తక్కువే.

వాస్తవం: పసిఫిక్ ద్వీపదేశం కిరిబాటి నేల సుమారు 811 చదరపు కిలోమీటర్లు, అంటే నెల్లూరు జిల్లాలో పదో వంతు కూడా ఉండదు. దాని ఆర్థిక మండలి సముద్రమో, మన దేశ విస్తీర్ణాన్ని మించినది. ఒక్కో చెరువు రైతుతో విడివిడిగా కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) మాట్లాడితే లాభం ఎవరిదో మన రొయ్యల రైతులకు చెప్పనక్కర్లేదు. అందుకే కిరిబాటి వంటి పసిఫిక్ దేశాలు 1982లో నౌరూ ఒప్పందంతో ఒక్కటై, ఇప్పుడు విదేశీ ట్యూనా పడవలకు వేట రోజులను లెక్కగట్టి ఉమ్మడి నిబంధనల కింద అమ్ముతున్నాయి.

అపోహ: ఏదో ఒక అగ్రరాజ్యం పంచన చేరితేనే మనుగడ.

వాస్తవం: తూర్పు ఆఫ్రికాలోని చిన్న దేశం జిబూతిలో అమెరికా, ఫ్రాన్స్, జపాన్, చైనా సైనిక స్థావరాలు నాలుగూ ఉన్నాయి. మాల్దీవుల ప్రభుత్వం 2024 జనవరిలో చైనాతో ఒప్పందాలు చేసుకుంది, మే నాటికి భారత సైనిక సిబ్బందిని పంపించివేసింది, విదేశీ మారక నిల్వలు తరిగిపోతుండగా అక్టోబరులో భారత్‌తోనే 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి (తన కరెన్సీ ఇచ్చి డాలర్లు తీసుకుని, తర్వాత తిరిగి మార్చుకునే) ఏర్పాటు కుదుర్చుకుంది. నా విద్యార్థులు దీన్ని అవకాశవాదమంటారు. రెండు వాకిళ్లూ తెరిచి ఉంచుకోవడమని నేనంటాను, కానీ నిల్వలు నిండుగా ఉన్నప్పుడు చేసే బేరానికీ, అడుగంటాక చేసే బేరానికీ తేడా ఉందన్న వారి వాదనను కాదనలేను.