పేరు ఆమెది, పెత్తనం ఎవరిది? మహిళల ఆర్థిక కార్యక్రమాలపై అపోహలు – వాస్తవాలు

మహిళల కోసం నడిపే రుణాలు, పొదుపు సంఘాలు, శిక్షణలు, కమిటీ పదవులు... వీటి నివేదికలు ఏవి తిరగేసినా ఇచ్చినదాని లెక్కే కనిపిస్తుంది. ఇంతమందికి అప్పు, ఇన్ని కుర్చీలు, ఇన్ని కుట్టుమిషన్లు. ఇచ్చింది చివరికి ఎవరి చేతిలో నిలిచిందో ఆ కాగితాలు చెప్పవు. ఆ ప్రశ్న వేయకపోవడం వల్లే ఈ రంగంలో కొన్ని అపోహలు పాతుకుపోయాయి. కొత్తగా కార్యక్రమం మొదలుపెట్టేవాళ్ల కోసం వాటిలో కొన్ని ఇక్కడ.

అపోహ: ఆమె పేరున అప్పు ఇస్తే ఆమె వ్యాపారం పెరుగుతుంది

పెరగొచ్చు, చాలాసార్లు పెరగదు. బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో చిన్న రుణాల ఫలితాన్ని కొలిచిన ఆరు అధ్యయనాలు 2015లో ఒకేసారి వెలువడ్డాయి. అప్పు దొరికినవాళ్లకు కొంత వెసులుబాటు వచ్చింది గానీ, సగటు కుటుంబం బతుకు మారిపోయిన దాఖలా ఎక్కడా లేదు.

ఒక కారణం ఇంట్లోనే ఉంది. భారత్, శ్రీలంక, ఘనాల లెక్కలను మళ్లీ తవ్వి చూసిన 2019 నాటి అధ్యయనం ప్రకారం, ఆమె పేరున వచ్చిన పెట్టుబడి తరచూ భర్త వ్యాపారంలోకి వెళ్లిపోతోంది. ఇంట్లో వ్యాపారం ఆమెదొక్కటే అయిన చోట లాభం బాగానే పెరిగింది. కాబట్టి లోపం ఆమె తెలివిలో లేదు.

ఇంకో కారణం వాయిదాల అమరిక. డబ్బు అందిన రెండో వారం నుంచే కట్టాలంటే, మొదటి నాలుగు వాయిదాలకు సరిపడా పక్కన పెట్టుకుని మిగిలిందే సరుకు మీద పెడతారు. కోల్‌కతాలో మొదటి వాయిదాను రెండు నెలల తర్వాత కట్టేలా పెట్టి చూశారు. పెట్టుబడీ పెరిగింది, దీర్ఘకాలంలో లాభమూ పెరిగింది. ఎగవేతలు కూడా పెరిగాయి, ఆ సంగతి దాచి ఈ ప్రయోగాన్ని మెచ్చుకోవడం సరికాదు. అందుకే ఈ విరామం సరుకు తిరిగి డబ్బు కావడానికి నెలలు పట్టే వ్యాపారాలకే ఇవ్వడం మంచిది. ఏరోజు కారోజు అమ్ముకునేవాళ్లకు అక్కర్లేదు.

దరఖాస్తులోనే మూడు ప్రశ్నలు పెట్టండి. ఇంట్లో ఇంకెవరికైనా వ్యాపారం ఉందా? సరుకు కొనేది ఎవరు? ఖాతాకు ముడిపెట్టిన ఫోన్ నంబరు ఎవరిది? మూడోదానికి "మా ఆయనదే" అన్న జవాబు వస్తే, ఆమె ఖాతాలో డబ్బు పడ్డ సంగతి ఆమెకంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

అపోహ: బయటి డబ్బు లేనిదే పొదుపు సంఘం నిలవదు

1991లో నైజర్ దేశంలోని మరాది ప్రాంతంలో కేర్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన పద్ధతిలో బయటి నుంచి పైసా రాదు. తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది. 15 నుంచి 25 మంది సభ్యులు, ఒక పెట్టె, మూడు తాళాలు. పెట్టె ఒకరింట్లో, తాళంచెవులు మరో ముగ్గురి దగ్గర. ఆ ముగ్గురూ సంఘం పదవుల్లో లేనివాళ్లే కావాలి. ఒక తాళంచెవి రాకపోతే ఆరోజు పెట్టె తెరుచుకోదు. విసుగనిపించినా ఆ నియమం సడలించకండి.

పొదుపును వాటాల రూపంలో వేస్తారు, ప్రతి సమావేశంలో ఒక్కొక్కరు 1 నుంచి 5 వాటాలు కొనొచ్చు. వాటాకో ముద్ర పాస్‌బుక్‌లో పడుతుంది. కొనని గళ్లకు అక్కడికక్కడే అడ్డగీత కొట్టేస్తారు, తర్వాత ఎవరూ వాటిలో ముద్ర వేయడానికి వీల్లేకుండా. అక్షరం ముక్క రానివాళ్లు కూడా తమ ముద్రలు తాము లెక్కపెట్టుకోగలరు. సమావేశం ముగిసేముందు పెట్టెలో మిగిలిన మొత్తాన్ని అందరి ముందూ బిగ్గరగా చెబుతారు, సభ్యులు గుర్తుపెట్టుకుంటారు. తర్వాతి సమావేశంలో ముందు ఆ అంకె చెప్పించి, ఆ తర్వాతే డబ్బు లెక్కపెడతారు.

అప్పు సాధారణంగా సొంత పొదుపుకు మూడు రెట్లు దాటదు. ఏడాది చివర అప్పులన్నీ వసూలు చేసి పంచుకుంటారు. వాటా ధర 10, ఏడాది మొత్తం మీద అందరూ కొన్నవి 900 వాటాలు, వడ్డీతో కలిపి చివరికి పెట్టెలో తేలింది 10,800 అనుకుందాం. వాటాకు 12 వస్తుంది. 45 వాటాలున్న సభ్యురాలు 450 వేసి 540 తీసుకుంటుంది. సభ్యుల ఆపదల కోసం దాచే నిధిని ఇందులో కలపరు. అది వేరే సంచిలో, వేరే లెక్కలో ఉంటుంది.

చెడిపోవడం ఎక్కువగా వాటా ధర దగ్గరే మొదలవుతుంది. కాస్త ఉన్నవాళ్లు ధర పెంచేస్తే లేనివాళ్లు కొన్నాళ్లకే జారుకుంటారు. అందరికంటే తక్కువ సంపాదించే సభ్యురాలు గడ్డురోజుల్లో కూడా ఒక వాటా కొనగలగాలి, ధరకు అదే కొలమానం. ముద్రలు సమావేశం అయ్యాక తీరిగ్గా వేద్దామనుకోవడం ఇంకో తప్పు. లెక్కల గోల్‌మాల్ ఆ తీరికలోనే జరుగుతుంది. పంపకానికి రెండు నెలల ముందే కొత్త అప్పులు ఆపేయాలి, లేకపోతే పంచే రోజుకు పెట్టెలో కాగితాలే మిగులుతాయి.

వీటన్నిటికంటే చేటు, మొదటి ఏడాదే బ్యాంకు రుణం తెచ్చి పెట్టెలో పోయడం. సొంత డబ్బు మీద ఉన్న పట్టింపు బయటి డబ్బు మీద ఉండదు. పెద్ద మొత్తం నోరున్నవాళ్లకే వెళ్తుంది, పూచీ మాత్రం అందరి నెత్తిన పడుతుంది. కనీసం ఒక పంపకం గొడవ లేకుండా ముగించిన సంఘానికే ఆ చర్చ తగును.

అపోహ: శిక్షణకు రాలేదంటే ఆసక్తి లేదు

లేనిది ఆసక్తి కాదు, సమయం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం, ప్రపంచం మొత్తం మీద జీతం లేని ఇంటిపని, సంరక్షణలో 76.2 శాతం ఆడవాళ్లే చేస్తున్నారు. రోజుకు సగటున వాళ్లు దానికి వెచ్చించేది 4 గంటల 25 నిమిషాలు, మగవాళ్లు 1 గంట 23 నిమిషాలు.

తేదీలు ఖరారు చేసేముందు గంటకొకటి చొప్పున 24 గడులున్న కాగితం మీద వాళ్ల రోజును వాళ్లతోనే నింపించండి. ఖాళీ ఎక్కడ కలుస్తుందో అక్కడ రెండేసి గంటల తరగతులు పెట్టండి. ఐదు రోజులు పొద్దంతా కూర్చోబెట్టే శిక్షణ నిర్వాహకులకే సుఖం. పిల్లలను చూసుకోవడానికి పక్క గదిలో జీతమిచ్చి మనిషిని పెట్టాలి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలోనే ఒకరికి ఆ పని అంటగడితే ఆమెకు శిక్షణ లేనట్టే. బడ్జెట్ కోత పడినప్పుడు మొదట ఎగిరిపోయేది ఈ పద్దే, కాబట్టి దీన్ని "ఇతర ఖర్చులు" కింద రాయకండి.

అపోహ: ఆమె సంపాదిస్తే ఇంట్లో హింస దానంతటదే తగ్గుతుంది

కొన్ని ఇళ్లలో తగ్గుతుంది, కొన్నిటిలో మొదట పెరుగుతుంది. దక్షిణాఫ్రికా పల్లెల్లో రుణంతో పాటు ఆడ, మగ సంబంధాలు, హెచ్‌ఐవీ మీద వరుస తరగతులు నడిపిన కార్యక్రమంలో భర్త లేదా సహచరుడి హింస 55 శాతం తగ్గిందని 2006లో లెక్క తేలింది. ఆ ఫలితాన్ని ఒట్టి అప్పుకు ఆపాదించి చెప్పేవాళ్లున్నారు, అది తప్పు.

ఇంటికెళ్లి అత్తగారి ముందో, భర్త ముందో హింస గురించి అడగకండి. మీరు గడప దాటాక ఆ జవాబుకు ఆమె మూల్యం చెల్లించాల్సి రావచ్చు. విడిగా మాట్లాడే చోటు లేకపోతే ఆ ప్రశ్న ఆరోజుకు వదిలేయండి. సాయానికి ఎక్కడికి పంపాలో ముందే తేల్చుకోకుండా అసలు అడగనే కూడదు.

అపోహ: కోటాతో వచ్చినవాళ్లు కీలుబొమ్మలే

కుర్చీ దక్కితే నాయకత్వం వచ్చేసినట్టే అన్నది దీనికి కవల అపోహ. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద 2004లో వచ్చిన అధ్యయనంలో, పదవి మహిళలకు రిజర్వయిన చోట స్థానిక మహిళలు ఎక్కువగా అడిగే పనులకు, ముఖ్యంగా తాగునీటికి, ఎక్కువ ఖర్చు పెట్టారు. బెంగాల్‌లోనే 2012 నాటి మరో అధ్యయనంలో, రెండు దఫాలు మహిళలకు రిజర్వయిన ఊళ్లలో టీనేజీ అబ్బాయిలకు, అమ్మాయిలకు చదువులో ఉన్న తేడా చెరిగిపోయింది. ఒక్క దఫాకే తీర్పు చెప్పేయకండి. ఏడాదికొకరిని మార్చే పద్ధతిలో పని నేర్చుకునేలోపే దిగిపోవాల్సి వస్తుంది.

కమిటీలో మహిళలు ఒకరిద్దరే ఉండి, మెజారిటీ ఓటుతో నిర్ణయాలు జరిగితే వాళ్లు తక్కువ మాట్లాడతారని, ఏకాభిప్రాయం తప్పనిసరి అయితే ఆ తేడా బాగా తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. అంటే బిడియం కంటే ఓటింగ్ నియమం పెద్ద అడ్డంకి. ఎజెండా మూడు రోజుల ముందే చేతికివ్వండి, మొదటి మాట కొత్త సభ్యురాలికివ్వండి. మినిట్స్‌లో, అంటే సమావేశం నమోదు పుస్తకంలో, ప్రతిపాదించినవారి పేరు తప్పక రాయండి, లేకపోతే ఆమె చెప్పిన మాటే పది నిమిషాల తర్వాత ఇంకొకరి పేరున ఎక్కుతుంది. చెక్కు మీద సంతకం చేసే అధికారం ఆమెకు లేకపోతే మిగతావన్నీ అలంకారమే.

అపోహ: సమాన వేతనమంటే ఒకే పనికి ఒకే జీతం

అంతే అనుకుంటే ఆడవాళ్లే ఎక్కువగా ఉండే ఉద్యోగాలకు పోలిక దొరకదు. 1951 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒప్పందం అడిగింది సమాన విలువ ఉన్న పనికి సమాన వేతనం. పని వేరైనా నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులు అనే నాలుగింటికి పాయింట్లు వేసి పోల్చాలి. బరువు మోయడానికి పాయింట్లు వేసి, రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి వేయకపోవడం తరచూ జరిగే పొరపాటు. పాయింట్లు వేసేవాళ్లకు ఆ ఉద్యోగంలో ఎవరున్నారో, జీతమెంతో చెప్పకూడదు. ఐస్‌లాండ్‌లో 2018లో అమల్లోకి వచ్చిన చట్టం, 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు తమ జీతాల పద్ధతిలో వివక్ష లేదని ధ్రువపత్రం తెచ్చుకోవాలని చెప్పింది. ఆ చట్టం ప్రకారం రుజువు చూపాల్సింది ఉద్యోగిని కాదు, యజమాని.