తోటలోంచి తవ్విన పండ్ల చెట్టు, బోన్సాయ్: అపోహలు - వాస్తవాలు

అడ్డం వచ్చిందనో, కాపు తగ్గిందనో తోటలోంచి తీసేయబోయే పండ్ల చెట్టు బోన్సాయ్ (కుండీలో పొట్టిగా తీర్చిదిద్దే చెట్టు) పెంచేవాళ్లకు పెద్ద వరం. చిన్న కుండీలో పెరిగే మొక్కకు ఏళ్లు గడిచినా రాని లావు మొదలు, ముదిరిన బెరడు దీనికి ముందే ఉంటాయి. అయితే ఇలా తవ్విన చెట్లలో చనిపోయేవి ఎక్కువగా మొదటి ఏడాదిలోనే పోతాయి. అసలు కారణం వేర్లు నిలదొక్కుకోకపోవడం. ఈ విషయంలో వినిపించే అపోహలు కూడా ఎక్కువగా వేర్ల గురించే.

అపోహ: ఎప్పుడు తవ్వినా ఒకటే, నీళ్లు బాగా పోస్తే బతుకుతుంది

యాపిల్, ప్లమ్, మల్బరీ లాంటి ఆకు రాల్చే చెట్లను చలికాలం చివర్లో, మొగ్గలు ఉబ్బడానికి కాస్త ముందు తవ్వాలి. జామ, సపోటా, నిమ్మ లాంటి ఎప్పుడూ పచ్చగా ఉండేవాటికి చలి పనికిరాదు. చల్లటి మట్టిలో వాటి వేర్లు కదలవు, తెగిన చోట కుళ్లు పడుతుంది. ఎండలు పెరిగి, చెట్టు జోరు అందుకునే కాలం మొదట్లో వాటిని తీయాలి. లేత ఆకులు సగం విచ్చుకున్నప్పుడు మాత్రం ఏ చెట్టునూ ముట్టుకోకండి. కాండంలో దాచుకున్న పిండిపదార్థం అప్పటికే చిగుళ్లకు ఖర్చయిపోయి ఉంటుంది, ఆ ఆకులు చెట్టుకు తిండి తయారుచేయడం ఇంకా మొదలుపెట్టి ఉండవు.

తొందర లేకపోతే ఏడాది ముందే పని మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు. కాండం చుట్టూ సగం వృత్తంలో జానెడు వెడల్పున కందకం తవ్వి, అడ్డొచ్చిన వేర్లను శుభ్రంగా కోసి, ఆ కందకాన్ని ఇసుక కలిపిన గుల్ల మట్టితో నింపండి. కొన్ని నెలలు ఆగి మిగతా సగం కూడా అలాగే చేయండి. కోసిన ప్రతి వేరు కొసనుంచీ పీచు వేర్లు గుత్తులుగా పుడతాయి. మరుసటి ఏడు చెట్టు వాటితోనే బయటికొస్తుంది.

అపోహ: తల్లివేరు తెగితే చెట్టు చస్తుంది, లావు వేర్లు ఎన్ని ఉంటే అంత మంచిది

నీళ్లు తాగేది పీచు వేర్ల కొసలే. లావు వేర్లు చెట్టును నిలబెడతాయి, తిండి దాస్తాయి, అంతవరకే. కాండం దగ్గర పీచు వేర్లు ఉంటే తల్లివేరును నిర్భయంగా రంపంతో కోసేయవచ్చు. ఎలాగూ లోతు తక్కువ కుండీలో దానికి చోటు లేదు. 5 సెంటీమీటర్ల లావు కాండానికి చుట్టూ 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పారతో గాటు పెట్టి, అంతే లోతున అడుగు కోసి ఎత్తాలి. కాండం పట్టుకుని గుంజితే సన్న వేర్లన్నీ మట్టిలోనే ఉండిపోతాయి. నలిగిన, చీలిన కొసలను మళ్లీ నున్నగా కోయండి. ఒక పక్క లావు వేరు మాత్రమే ఉండి దాని మొదట్లో పీచు లేకపోతే దాన్ని ఇప్పుడే పొట్టిగా కోయకండి. పొడవుగానే ఉంచి, తర్వాత కుండీ మార్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా తగ్గించండి.

అపోహ: పాత మట్టిని మొత్తం కడిగేయాలి

నిద్రావస్థలో ఉన్న ఆకు రాల్చే చెట్లు దీన్ని తట్టుకుంటాయి. నిమ్మ జాతి తట్టుకోదు. పచ్చగా ఉండే చెట్లకు సగం మట్టి ఉంచి, మిగతా సగాన్ని రెండేళ్ల తర్వాత మార్పిడిలో తీయడం క్షేమం.

అపోహ: వేర్లు పోయాయి కాబట్టి ఆకులన్నీ దూసేయాలి

కొత్త వేర్లు పుట్టడానికి కావలసిన చక్కెర తయారయ్యేది ఆకుల్లోనే. వేర్లను ప్రేరేపించే ఆక్సిన్ అనే హార్మోను దిగివచ్చేదీ చిగుళ్ల నుంచే. దానిమ్మ, అంజూర, మల్బరీ బోడి మోడు నుంచి కూడా చిగురిస్తాయి, వాటిని ధైర్యంగా కోయవచ్చు. నిమ్మ, సపోటా లాంటివాటికి మాత్రం కొన్ని ఆకుల కొమ్మలు తప్పకుండా ఉంచాలి. నీరు ఆవిరవుతుందని భయముంటే పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి నీడలో పెట్టండి. చిగుళ్లు వచ్చాక దాన్ని ఒకేసారి తీయకుండా రోజుకు కొంచెం కొంచెంగా తెరవండి.

కాండాన్ని ఎంత ఎత్తున కోయాలన్నది కూడా ఇప్పుడే తేలాలి. బోన్సాయ్ మొత్తం ఎత్తు కాండం లావుకు సుమారు ఆరు రెట్లు అనేది వాడుకలో ఉన్న లెక్క. కొత్త కొమ్మ పైకి సాగాలి కాబట్టి కోత దానికన్నా చాలా కిందే పడుతుంది. అయితే మొదటిసారి అనుకున్న చోటికన్నా 5 సెంటీమీటర్లు పైన కోయండి. కొస కొంతవరకు ఎండిపోతుంది, చిగురు ఎక్కడ వేస్తుందో కూడా ముందే తెలియదు.

అపోహ: నేరుగా బోన్సాయ్ కుండీలోనే నాటాలి

పళ్లెంలాంటి అందమైన బోన్సాయ్ కుండీకి ఇంకా మూడు నాలుగేళ్లు ఉంది. ఇప్పటికి వేర్ల కొసల నుంచి 3 నుంచి 5 సెంటీమీటర్ల జాగా మిగిలే చెక్కపెట్టె, అడుగున విరివిగా రంధ్రాలు ఉంటే చాలు. మరీ పెద్ద పెట్టెలో వేర్లు అందుకోలేని తడి నిలిచి కుళ్లు తెస్తుంది. మట్టిలో ప్యూమిస్ (తేలికైన నురగ రాయి), లావా రాయి, నలగ్గొట్టిన ఇటుక వంటివి 3 నుంచి 6 మిల్లీమీటర్ల గింజ సైజులో ఉండాలి. జల్లెడ పట్టి దుమ్మంతా తీసేయండి. ఆ దుమ్మే గింజల మధ్య గాలి సందులను మూసేస్తుంది. నాటేటప్పుడు సన్న పుల్లతో కుదుపుతూ వేర్ల సందుల్లోకి గింజలు దింపండి. ఖాళీ మిగిలిన చోట వేరు ఎండిపోతుంది.

చాలామంది వదిలేసే పని ఒకటుంది: చెట్టును పెట్టెకు తీగతో బిగించి కట్టడం. గాలికి మోడు కాస్త ఊగినా అప్పుడే పుట్టిన తెల్లటి వేరు కొసలు తెగిపోతాయి. చేత్తో కదిపితే పెట్టెతో పాటు కదలాలి, అంత గట్టిగా ఉండాలి.

అపోహ: విటమిన్ బి1, ఎరువు వేస్తే వేర్లు త్వరగా వస్తాయి

బి1ను మొక్కలు తమంతట తామే తయారుచేసుకుంటాయి, బయటినుంచి పోస్తే ఒరిగేదేమీ లేదు. ఇక ఎరువు లవణాలు తెగిన వేర్లను మాడుస్తాయి. కొత్త ఆకులు ముదిరి గట్టిపడ్డాక, అంటే దాదాపు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి.

అపోహ: చిగురేసింది కాబట్టి బతికినట్టే

ఎక్కువ చెట్లను పోగొట్టేది ఈ నమ్మకమే. కొత్త వేరు ఒక్కటీ లేకపోయినా కాండంలోని నిల్వతో మోడు చిగురించగలదు. నాలుగు ఆకులు కనబడగానే ఎండలో పెట్టి, వంపుల కోసం కొమ్మలకు తీగ చుట్టి, చిగుళ్లు తుంచితే కొన్ని వారాల్లో అవన్నీ వాడిపోతాయి. మొదటి చిగురు ఆగి, ఆకులు ముదిరి, మళ్లీ రెండో చిగురు జోరుగా వచ్చినప్పుడే వేర్లు పనిచేస్తున్నాయని అర్థం. అంతవరకు పెట్టెను కదపొద్దు, కొమ్మలు కోయొద్దు, వేర్లు చూద్దామని తవ్వొద్దు. మొదటి ఏడాది కొమ్మలను పొడవుగా పెరగనివ్వండి. వంపులు తిప్పడం రెండో ఏడు చూసుకోవచ్చు.

అపోహ: అంటు చెట్టయినా గింజ చెట్టయినా తేడా లేదు

అంటు కట్టిన చోట ఉబ్బు, పైనా కిందా రెండు రకాల బెరడు ఉంటాయి. దానికి దిగువన కోస్తే మిగిలేది వేర్ల కోసం కింద వాడిన మొక్క మాత్రమే, మీకు కావలసిన పండు రకం కాదు. దిగువ నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు మొదలంటా తీసేయాలి. ఉబ్బు వికారంగా ఉంటే తవ్వకముందే దానిపైన గాలి అంటు కట్టి, అక్కడే కొత్త వేర్లు పుట్టించడం మంచి దారి. కాండం లావుకు ఒకటిన్నర రెట్లు వెడల్పున చుట్టూ బెరడు వలిచి, లోపలి జిగురు పొరను పూర్తిగా గీకి, తడి నాచు కట్టి ప్లాస్టిక్ చుట్టాలి. ఆ పొర కొంచెం మిగిలినా బెరడు మళ్లీ అతుక్కుని వేర్లు రావు. దానిమ్మ, అంజూర, జామ, నిమ్మ దీనికి బాగా లొంగుతాయి. యాపిల్ మొండికేస్తుంది.

అపోహ: కోతకు పేస్టు రాస్తే గాయం మానిపోతుంది

చెట్టు కోసిన చెక్కను తిరిగి పుట్టించలేదు. లోపల అడ్డుగోడ కట్టుకుని, అంచుల నుంచి కొత్త బెరడు పెంచి కప్పుకుంటుంది. పేస్టు అంచులు ఎండకుండా చూస్తుంది, అంతకుమించి ఆశించకండి.

అపోహ: ఆకుల్లాగే పండ్లూ చిన్నవవుతాయి

ఆకు తగ్గుతుంది. పువ్వు, పండు మాత్రం దాదాపు అసలు సైజులోనే వస్తాయి. పెద్ద కాయ మామిడి కన్నా చిన్న కాయల యాపిల్, పొట్టి రకం దానిమ్మ, బార్బడోస్ చెర్రీ నప్పేది అందుకే.

గట్టిగా కోసిన చెట్టు రెండు మూడేళ్లు కొమ్మలే వేస్తుంది, కాపు ఆలస్యమవుతుంది. కాయ ఎక్కడ పడుతుందో తెలిసి కోయాలి: జామ ఆ ఏటి కొత్త కొమ్మపై కాస్తుంది కాబట్టి కొమ్మలను తేలిగ్గా కత్తిరిస్తే కాపు పెరుగుతుంది. యాపిల్ పాత కొమ్మలకు ఉండే పొట్టి రెమ్మలపై కాస్తుంది, చలికాలంలో అన్నీ కత్తిరిస్తే పూమొగ్గలు కూడా పోతాయి. పైగా చాలా యాపిల్ రకాలకు దగ్గర్లో అదే సమయంలో పూసే వేరే రకం కావాలి. కాపు మొదలయ్యాక కొన్ని కాయలే ఉంచి మిగతావి పిందెల్లోనే తుంచండి. కుండీ మార్చిన ఏడు ఒక్క కాయా ఉంచొద్దు.