లోన్ హత్యతో హురియత్‌లో పడిన బీట

2002 మే 21న శ్రీనగర్ ఈద్గా మైదానంలో జరిగిన సభ పన్నెండేళ్ల కిందట హత్యకు గురైన ఒక నాయకుడి వర్ధంతి సభ. 1990లో అదే తేదీన కాశ్మీర్ ముస్లింల మతపెద్ద (మీర్వాయిజ్) మౌల్వీ ఫారూఖ్‌ను సాయుధులు ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. ఆయనను స్మరించుకోవడానికి వచ్చిన పీపుల్స్ కాన్ఫరెన్స్ అధినేత అబ్దుల్ గనీ లోన్ కూడా ఆ సభాస్థలిలోనే తుపాకులకు బలయ్యారు. ప్రధాని వాజ్‌పేయి జమ్మూ కాశ్మీర్ పర్యటనకు వచ్చిన రోజు కూడా అదే.

లోన్ మొదటినుంచీ వేర్పాటువాది కాదు. వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఆయన కాంగ్రెస్ తరఫున శాసనసభకు ఎన్నికై, మంత్రిగానూ పనిచేసి, 1978లో సొంత పార్టీ పెట్టుకున్నారు. 1993లో ఇరవైకి పైగా వేర్పాటువాద సంస్థలు కలిసి హురియత్ కాన్ఫరెన్స్‌గా ఏర్పడినప్పుడు దాని నాయకత్వంలో ఒకరయ్యారు. చట్టసభల రాజకీయం ఎలా నడుస్తుందో లోపలినుంచి చూసిన అనుభవం వల్లనేమో, కాశ్మీరేతర మిలిటెంట్లు లోయను వదిలి వెళ్లాలని చివరి రోజుల్లో ఆయన బాహాటంగానే అన్నారు. చనిపోవడానికి నెల ముందే షార్జాలో, పాకిస్తాన్ ఆధీనంలోని కాశ్మీర్ నేత సర్దార్ అబ్దుల్ ఖయ్యూం ఖాన్‌తో జరిగిన సమావేశంలో మౌల్వీ ఫారూఖ్ కుమారుడు మీర్వాయిజ్ ఉమర్‌తో పాటు పాల్గొన్నారు. అప్పటికి శాసనసభ ఎన్నికలు కొద్ది నెలల్లోకి వచ్చాయి. తాను పోటీకి దిగుతానని లోన్ ఎన్నడూ ప్రకటించకపోయినా, హురియత్ ఇచ్చిన ఎన్నికల బహిష్కరణ పిలుపు విషయంలో ఆయన మెత్తబడతారన్న అనుమానం ఇటు మిత్రులకూ అటు ప్రత్యర్థులకూ ఉండేది.

హత్య జరిగిన వెంటనే కుమారుడు సజ్జాద్ లోన్ పాకిస్తాన్ గూఢచార సంస్థ ఐఎస్ఐనీ, హురియత్‌లోని కరడుగట్టిన నేత సయ్యద్ అలీ షా గిలానీనీ తప్పుపట్టారు. ఆ మాటలను త్వరలోనే వెనక్కి తీసుకున్నారు. అసలు కథ ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం. హంతకులెవరన్న ప్రశ్నను హురియత్ తన వేదికమీద చర్చకు పెట్టలేకపోయింది, అలాగని మరచిపోనూ లేకపోయింది.

ఆ శరదృతువులో ఎన్నికలు జరిగాయి. అంతకుముందు 57 స్థానాలున్న నేషనల్ కాన్ఫరెన్స్ 28కి పడిపోయి, పీపుల్స్ డెమోక్రటిక్ పార్టీ (పీడీపీ) నేత ముఫ్తీ మహమ్మద్ సయీద్ కాంగ్రెస్ మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యారు. లోన్ పార్టీకి చెందినవారే స్వతంత్రుల ముసుగులో పోటీ చేశారని, వారిని పంపిన పార్టీని హురియత్ నుంచి బహిష్కరించాలని గిలానీ పట్టుబట్టారు. పైకి ఇది క్రమశిక్షణ వివాదంగానే కనిపించింది. అయితే హత్యకు గురైన నాయకుడి పార్టీనే దోషిగా నిలబెట్టమని అడగడం మిగతా నేతలకు మింగుడుపడలేదు. వారు ఒప్పుకోకపోవడంతో 2003 సెప్టెంబరులో సంస్థ రెండుగా చీలింది. గిలానీ తన వర్గంతో విడిపోగా, మౌలానా అబ్బాస్ అన్సారీ నాయకత్వాన మిగిలిన మితవాదులు 2004 జనవరిలో ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీతో చర్చలకు కూర్చున్నారు. ఆ ఏడాదే మీర్వాయిజ్ ఉమర్ పినతండ్రి మసీదులో కాల్పులకు గురై మరణించారు.

చీలిక లోన్ ఇంట్లోకీ వచ్చింది. ఒక కుమారుడు బిలాల్ మితవాద హురియత్‌లోనే కొనసాగగా, సజ్జాద్ దారి వేరయింది. 2011 జనవరిలో శ్రీనగర్‌లో జరిగిన ఒక సదస్సులో హురియత్ మాజీ అధ్యక్షుడు అబ్దుల్ గనీ భట్, మౌల్వీ ఫారూఖ్‌నూ లోన్‌నూ చంపింది సైన్యమో పోలీసులో కాదని, తమవాళ్లేనని అన్నారు. సజ్జాద్ అప్పటికే 2009లో బారాముల్లా లోక్‌సభ స్థానానికి పోటీచేసి ఓడిపోయారు. 2014లో మాత్రం తండ్రి ఒకప్పుడు ప్రాతినిధ్యం వహించిన హంద్వారా నుంచి గెలిచి, మరుసటి ఏడాది పీడీపీ–బీజేపీ ప్రభుత్వంలో మంత్రిగా ప్రమాణం చేశారు.