కంట్రోల్ అంటే ఆపడమేనా? మా క్లాసులో రోజూ ఎదురయ్యే అపోహలు

కర్నూల్లో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తుంటాను. డిగ్రీ అయిపోయినవాళ్లు, నర్సింగ్ అమ్మాయిలు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు వస్తారు. తెలిసిందే కదా అని ఎవరూ పట్టించుకోని మాట, దాదాపు అందరూ తప్పే మాట ఒకటుంది: కంట్రోల్.

అపోహ: అదుపులో ఉంది అంటే "ఇన్ కంట్రోల్".

ఇంటర్వ్యూ ప్రాక్టీసులో ఒక నర్సింగ్ అమ్మాయి "పేషెంట్స్ బీపీ ఈజ్ ఇన్ కంట్రోల్" అంది. ఇది మన "లో" వల్ల వచ్చే చిక్కు. లో అంటే ఇన్ అని చిన్నప్పుడే బట్టీ పట్టిస్తారు, అదుపు పక్కన "లో" కనబడగానే నోట్లోంచి ఇన్ వచ్చేస్తుంది. బోర్డు మీద ఎద్దుల బండి గీశాను. పగ్గాలు పట్టుకున్నవాడు ఇన్ కంట్రోల్, ఎద్దులు అండర్ కంట్రోల్. "అంటే సార్, నేను చెప్పినదాన్ని బట్టి పగ్గాలు బీపీ చేతిలో ఉన్నట్టా?" అంది. సరిగ్గా అంతే. షుగర్, ట్రాఫిక్, మంటలు, ఏదైనా సరే మన అదుపులో ఉంటే అండర్ కంట్రోల్.

అపోహ: కంట్రోల్ చేయడమంటే ఆపేయడం, అణచేయడం.

డ్రైవర్ బస్సును తను అనుకున్న దారిలో, అనుకున్న వేగంతో నడిపిస్తాడు, అదీ కంట్రోలే. బ్రేకు వేయడం అందులో ఒక పని మాత్రమే. అసలు ఈ మాట మధ్యయుగపు లాటిన్‌లోని కాంట్రారోటులస్ నుంచి, పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. లెక్కలు రాసిన చుట్టకు, సరిచూసుకోవడానికి పెట్టుకునే నకలు చుట్ట అది. ఫ్రెంచిలో ఈ క్రియకు తనిఖీ చేయడం అనే అర్థం ఇప్పటికీ ఉంది. ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్ట్ కంట్రోల్ అన్నా తనిఖీయే.

అందుకే రెజ్యూమేలో "ఐ కంట్రోల్డ్ టెన్ మెంబర్స్" అని రాయొద్దని పదే పదే చెప్తాను. పదిమందితో పని చేయించానని మీ ఉద్దేశం, చదివేవాళ్లకు మాత్రం పదిమందినీ గుప్పిట్లో పెట్టుకున్నట్టు వినిపిస్తుంది. అక్కడ మేనేజ్ గానీ లీడ్ గానీ వాడండి.

అపోహ: "ఐ కుడ్ నాట్ కంట్రోల్" అంటే సరిపోతుంది.

సరిపోదు. దేన్ని అనేది చెప్పాలి. తెలుగులో కంట్రోల్ చేసుకోలేకపోయాను అంటే ఆ "చేసుకో"లోనే నన్ను నేను అనేది వచ్చేస్తుంది, ఇంగ్లిష్ క్రియకు ఆ సదుపాయం లేదు. ఏడుపు ఆగలేదా, "ఐ కుడ్ నాట్ కంట్రోల్ మైసెల్ఫ్" అనండి. కోపమైతే "మై యాంగర్" పెట్టండి.

హైవే మీద బస్సు అదుపు తప్పిందనుకోండి, "ద బస్ లాస్ట్ కంట్రోల్" అనేస్తాం. కంట్రోల్ పోగొట్టుకున్నది డ్రైవర్, బస్సు "వెంట్ ఔటాఫ్ కంట్రోల్".

ఇక "ఓవర్" సంగతి: "హ్యావ్ కంట్రోల్ ఓవర్" ఓకే, క్రియగా వాడినప్పుడు మాత్రం ఓవర్ రాదు, "కంట్రోల్ ద క్లాస్" చాలు.

స్పెల్లింగ్‌లో కంట్రోల్డ్‌కు, కంట్రోలింగ్‌కు రెండు ఎల్‌లు. ట్రావెల్డ్‌కు అమెరికావాళ్లు ఒక ఎల్‌తో సరిపెడతారు గానీ దీనికి మాత్రం వాళ్లూ రెండే రాస్తారు, ఎందుకంటే కంట్రోల్‌ను పలికేటప్పుడు నొక్కి పలికేది రెండో భాగాన్ని, "ట్రోల్"ని.