నేల మీద కనిపించిన డేగ పిల్ల అనాథ కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గాయపడిన పక్షులకు వైద్యం చేసే పనిలో ఉన్నాను. పిల్లలు గూళ్లు దిగే కాలం వచ్చిందంటే అట్టపెట్టెల్లో జాలె డేగ పిల్లల్ని తెస్తూనే ఉంటారు. చాలావాటికి ఏ దెబ్బా ఉండదు. తెచ్చినవాళ్ల జాలి నిజమైనదే, కానీ ఆ పిల్లకు మాత్రం తల్లి దూరమైపోయింది.

అపోహ: ఒంటరిగా కూర్చున్న పిల్లను తల్లి వదిలేసింది.

వాస్తవం: ఎగరడం సరిగ్గా రాకముందే డేగ పిల్లలు గూడు దాటి పక్క కొమ్మల మీదికి గెంతుతాయి. ఆ గెంతుల్లో కొన్ని కింద పడతాయి. తల్లీ తండ్రీ దగ్గర్లోనే ఉంటాయి, మనం అక్కడ నిలబడి ఉన్నంతసేపూ దిగవు. ఎగరడం వచ్చాక కూడా కొన్ని వారాలు అవే తిండి పెడతాయి, పిల్లలకు వేట అప్పుడే అబ్బదు కనుక. రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా తీసుకురండి. లేదంటే పక్క కొమ్మ మీద కూర్చోబెట్టి దూరం జరగండి. ఒంటి మీద నూగు తప్ప ఈకలే లేకపోతే గూటికి చేర్చాలి. గూడు అందకపోతే అడుగున చిల్లులున్న బుట్టను అదే చెట్టుకు కట్టి అందులో ఉంచండి. నోట్లో నీళ్లు మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదు.

వాస్తవం: రానిస్తుంది. అసలు భయపడాల్సింది అంతకుముందు దశ గురించి. గూడు కడుతున్నప్పుడు, గుడ్లు పొదుగుతున్నప్పుడు ఫొటోల కోసం పదే పదే చెట్టు దగ్గరికి వెళ్తే గూటినే విడిచిపెట్టి పోవచ్చు.

అపోహ: జంటలో పెద్దగా కనిపించేది మగది.

వాస్తవం: ఆడదే పెద్దది. యూరప్, ఆసియా అడవుల్లో ఉండే స్పారోహాక్ అనే డేగ జాతిలో ఆడదాని బరువు మగదానికి రెట్టింపు దాకా ఉంటుంది. అది సుమారు 33 రోజులు గుడ్ల మీద కూర్చుంటుంది. అన్నాళ్లూ, పిల్లలు కాస్త ఎదిగేదాకా కూడా, వేట భారం మగదానిదే. అందుకే ఆ రోజుల్లో మగది చనిపోతే ఆ గూట్లో పిల్లలు బతకడం చాలా కష్టం.

అపోహ: పిల్లలు ఎగిరిపోయాక ఆ చెట్టుతో డేగకు పని లేదు.

వాస్తవం: స్పారోహాక్ సాధారణంగా ఏటా కొత్త గూడు కడుతుంది, కానీ పాత గూటికి దగ్గర్లోనే. గోషాక్ అనే పెద్ద డేగ అయితే తన అడవిలో రెండు మూడు గూళ్లు ఉంచుకుని మార్చి మార్చి వాడుతుంది. ఖాళీ గూడు కనిపించిందని చుట్టూ ఉన్న చెట్లు కొట్టేస్తే, వచ్చే ఏడు ఆ జంటకు గూడు కట్టుకునే చోటే మిగలదు.