గర్భసంచిలో గడ్డ ఉందన్నారా? ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఇవి చదవండి

గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ సెంటర్లకు కొదవ లేదు. కడుపులో గ్యాసని వెళ్లినా రిపోర్టులో ‘ఫైబ్రాయిడ్’ అని రాసిస్తారు. నలభై దాటిన ఆడవాళ్లలో ఈ గడ్డలు అంత మామూలు. ఆ కాగితం పట్టుకుని మా దగ్గరకు వచ్చేవాళ్ల నోట వినిపించే మాటలే ఇవి.

అపోహ: ఊరుకుంటే క్యాన్సర్ అవుతుంది.

కాదు. ఇది గర్భసంచి కండరంలో పెరిగే మామూలు గడ్డ, క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. సైజు కన్నా అది ఎక్కడుందన్నది ముఖ్యం. గర్భసంచి లోపొర కిందికి చొచ్చుకొచ్చిన రెండు సెంటీమీటర్ల గడ్డ ఒంట్లో రక్తమంతా తోడేస్తుంది. బయటివైపు నిమ్మకాయంత ఉన్నా ఏ బాధా పెట్టకపోవచ్చు.

అపోహ: పిల్లలు పుట్టేశారు, ఇక గర్భసంచితో పనేముంది? తీయించేస్తే పీడ విరగడవుతుంది.

నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకైతే, మన ఆంధ్రలో దాదాపు 9 శాతం. అందరికీ అవసరమయ్యే తీశారంటే నేను నమ్మను. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే నలభై ఏళ్ల మనిషికి రాత్రికి రాత్రే మెనోపాజ్ (ముట్లుడగడం) వచ్చిపడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం అన్నీ ముందే మొదలు. అండాశయాలు ఉంచినా కొందరికి అది ముందే వస్తుంది. రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు, లోపల అమర్చే హార్మోన్ లూప్, గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్, దానికి రక్తం అందకుండా చేసే ఎంబోలైజేషన్ ఉన్నాయి. ఇవి కుదరనప్పుడు, పనిచేయనప్పుడు గర్భసంచి తీయాల్సిందే, అందులో తప్పు లేదు.

అపోహ: ముట్లుడిగే ముందు రక్తం బాగా పోవడం మామూలే.

మిరప కోతలకు వెళ్లే ఒకావిడ వచ్చింది. పాలిపోయిన ముఖం, రెండు మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 6. ‘‘మా అత్తకీ ఇట్టాగే పోయిందమ్మా, అదే ఆగిపోయింది’’ అంది. ఈ వయసులో కొన్ని నెలలు అండం విడుదల కాదు. దాంతో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారవదు, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక్కటే లోపొరను మందంగా పెంచుతూ పోతుంది. అది ఒక్కసారిగా ఊడితే రక్తం ఆగదు. తోడుగా గడ్డ కూడా ఉంటే చెప్పక్కర్లేదు. గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తే అది మామూలు కాదు. గడ్డ ఉంది కదాని నేరం దాని మీదే వేయకూడదు. నలభై అయిదు దాటాక ఇలా పోతుంటే లోపొర ముక్క తీసి పరీక్షకు పంపాలి, థైరాయిడ్ కూడా చూడాలి.

(ఒంట్లో ఆవిర్లు మాత్రం మన ఊళ్లో కనిపెట్టడం కష్టం. మే నెలలో అందరూ ఎండ ఖాతాలో రాసేస్తారు!)

అపోహ: పసరు మందుతో గడ్డ కరుగుతుంది.

కరగదు. తాగుతూ కూర్చుంటే రక్తహీనత ముదురుతుంది.

అపోహ: ముట్లుడిగితే ఇక గడ్డ గొడవే ఉండదు.

చాలావరకు నిజమే. హార్మోన్లు తగ్గాక గడ్డ కుంచించుకుపోతుంది, కానీ పూర్తిగా మాయం కాకపోవచ్చు. అందుకే నలభై ఎనిమిదేళ్ల మనిషికి బాధ అదుపులో ఉంటే కొన్నాళ్లు ఆగుదామంటాను. అయితే ముట్లుడిగాక గడ్డ పెరుగుతుంటే వెంటనే చూపించుకోవాలి. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క కనిపించినా ‘పాత గడ్డేలే’ అనుకోవద్దు. కింది నుంచి చేసే స్కానింగ్‌లో లోపొర 4 మిల్లీమీటర్లు దాటితే బయాప్సీ చేయించాలి. పల్చగా ఉన్నా రక్తం మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే అప్పుడూ చేయించాలి.