కుట్టుపని ఆడవాళ్లది, లెక్క ఇంకొకరిది: గార్మెంట్ రంగంలో అసమానత ఎలా వచ్చింది?

1968 జూన్‌లో లండన్ శివార్లలోని డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కారు సీట్లకు కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్లు మిషన్లు ఆపేసి బయటికి వచ్చారు. కంపెనీ కొత్తగా తెచ్చిన గ్రేడ్లలో వాళ్ల పనిని పెద్దగా నైపుణ్యం అక్కర్లేని పనుల కింద వేసింది. పైగా అదే గ్రేడ్‌లో ఉన్న మగవాళ్లకంటే వాళ్ల జీతం తక్కువ. కవర్లు లేక కార్ల తయారీ ఆగిపోయాక మంత్రి బార్బరా కాసిల్ కల్పించుకున్నారు. 1970లో బ్రిటన్‌లో సమాన వేతన చట్టం రావడానికి ఈ సమ్మె ఒక ముఖ్య కారణం. చట్టమైతే వచ్చింది, గ్రేడ్ మాత్రం మారలేదు. దానికోసం 1984లో మళ్లీ సమ్మె చేయాల్సి వచ్చింది.

అది బట్టల ఫ్యాక్టరీ కాదు, నిజమే. కానీ కుట్టుపనికి కట్టిన విలువ అక్కడా ఇంతే. గార్మెంట్ రంగంలో ఆడవాళ్లకు జీతాలు ఎందుకు తక్కువంటే పేద దేశాలు, చౌక కూలీ అని చెప్పి సరిపెట్టేస్తుంటారు. అది సగమే నిజం. కుట్టడం ఆడపిల్లకు ఇంట్లోనే అబ్బే పని, దానికి వేరే విలువ కట్టక్కర్లేదు అన్న ఆలోచన ధనిక దేశాల ఫ్యాక్టరీల్లో కూడా గట్టిగా పాతుకుపోయింది. బట్ట కత్తిరించేది, లైన్ మీద పెత్తనం చేసేది ఎక్కువగా మగవాళ్లు. మిషన్ల ముందు కూర్చునేది, దారాలు తెంపేది ఆడవాళ్లు. పరిశ్రమ ఏ దేశానికి వెళ్లినా ఈ పంపకాన్ని వెంట తీసుకెళ్లింది.

దీనికి తోడైన రెండో సంగతి ఇంకా పాతది. 19వ శతాబ్దం చివర్లో లండన్‌లో, న్యూయార్క్‌లో బట్టల వ్యాపారి తన ఆర్డర్‌ను కాంట్రాక్టర్‌కు ఇచ్చేవాడు. అతను దాన్ని ఇంకో చిన్న కాంట్రాక్టర్‌కు ఇచ్చేవాడు. చివరికి అది ఇరుకు గదుల్లో పీస్ రేటుకు, అంటే ముక్కకింత అన్న కూలికి కుట్టేవాళ్ల దగ్గరికి చేరేది. చేతులు మారిన కొద్దీ రేటు తగ్గేది, అడిగితే ప్రతివాడూ పైవాడిని చూపించేవాడు. ఈ పద్ధతిపై 1888లో బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ విచారణ కమిటీ వేసింది. రెడీమేడ్ దుస్తులతో సహా కొన్ని రంగాలకు కనీస వేతనం నిర్ణయించే చట్టం రావడానికి మాత్రం 1909 దాకా పట్టింది.

అదే ఏడాది నవంబరులో న్యూయార్క్‌లో బ్లౌజులు కుట్టే ఇరవై వేల మంది సమ్మెకు దిగారు. ఎక్కువమంది యూరప్ నుంచి వలస వచ్చిన యూదు, ఇటలీ కుటుంబాల అమ్మాయిలు. యూనియన్ నాయకుల ప్రసంగాలు సాగుతూనే ఉంటే విసిగిపోయి, మాటలు చాలు, సమ్మె ప్రకటిద్దాం అని లేచి నిలబడిన క్లారా లెమ్లిచ్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు. చాలా కంపెనీలు ఒప్పందానికి వచ్చాయి. ట్రయాంగిల్ కంపెనీ యూనియన్‌ను గుర్తించలేదు. 1911 మార్చి 25న ఆ ఫ్యాక్టరీలో మంటలు లేచి 146 మంది చనిపోయారు, వాళ్లలో 123 మంది ఆడవాళ్లే. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. యజమానులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. అయినా ఆ రాష్ట్రంలో ఫ్యాక్టరీ భద్రతా చట్టాలు మారిపోయాయి. వీధిలో నిలబడి ఆ మంటలను కళ్లారా చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ 1933లో అమెరికా కార్మిక మంత్రి అయ్యారు.

ఆ మార్పు ఎలా సాధ్యమైందో గమనించాలి. యజమాని, కార్మికురాలు, చట్టం చేసే ప్రభుత్వం ఒకే రాష్ట్రంలో ఉన్నారు. తర్వాతి కాలంలో పోయింది ఇదే.

1974లో వచ్చిన మల్టీ ఫైబర్ ఒప్పందం ఏ దేశం నుంచి ఎంత బట్టల సరుకు దిగుమతి చేసుకోవచ్చో కోటాలు పెట్టింది. ధనిక దేశాల మిల్లులను కాపాడటం దాని ఉద్దేశం. జరిగింది మాత్రం వేరు. ఒక దేశం కోటా నిండగానే కొనుగోలుదారులు కోటా మిగిలి ఉన్న ఇంకో దేశానికి వెళ్లారు. అలా బంగ్లాదేశ్, శ్రీలంక, కంబోడియాల్లో ఎగుమతి ఫ్యాక్టరీలు పెరిగాయి. లక్షలమంది అమ్మాయిలకు మొదటిసారి చేతికి జీతం వచ్చింది. దీన్ని తక్కువ చేసి చూడకూడదు, చాలామందికి ఆ జీతం పెళ్లి వాయిదా వేసుకునే వీలిచ్చింది. కానీ ధర, గడువు నిర్ణయించేవాళ్లు వేల మైళ్ల దూరంలో ఉండిపోయారు. 2004తో కోటాలు ముగిశాక ధరల పోటీ ఇంకా పెరిగింది.

విమర్శలకు బ్రాండ్లు ఇచ్చిన జవాబు ప్రవర్తనా నియమావళి, అంటే తమకు సరుకిచ్చే ఫ్యాక్టరీలు పాటించాల్సిన నియమాల జాబితా. 1991లో జీన్స్ కంపెనీ లీవైస్‌తో మొదలై దాదాపు అన్ని పెద్ద కంపెనీలూ ఒకటి రాసుకున్నాయి. అమలు చూడటానికి ఆడిటర్లు వచ్చారు. నా దృష్టిలో ఈ రంగంలో అతి పెద్ద భ్రమ ఇదే. 2012 సెప్టెంబరులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీలో మంటల్లో 250 మందికి పైగా చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందే దానికి అంతర్జాతీయ ప్రమాణాల సర్టిఫికెట్ దక్కింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది మరణించారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. కింద ఉన్న బ్యాంకు ఉద్యోగులను రావద్దంది, కుట్టేవాళ్లను మాత్రం షిప్‌మెంట్ ఆలస్యమవుతుందని లోపలికి పంపారు. ఆ తర్వాతే బ్రాండ్లు యూనియన్లతో కలిసి, చట్టం ముందు జవాబుదారీగా ఉండే అకార్డ్ అనే భవన భద్రతా ఒప్పందం మీద సంతకం పెట్టాయి.

భవనాల సంగతి అలా కొంత బాగుపడింది. వేధింపుల సంగతి అంత తేలిగ్గా బయటికి రాలేదు. గంట గంటకూ టార్గెట్ చూసే సూపర్‌వైజర్ చేతిలోనే ఓవర్‌టైమ్, సెలవు, కాంట్రాక్ట్ పొడిగింపు అన్నీ ఉన్నప్పుడు ఆడిటర్ ముందు ఎవరు నోరు విప్పుతారు? ఆఫ్రికా దేశం లెసోతోలోని జీన్స్ ఫ్యాక్టరీల్లో ఉద్యోగం నిలవాలంటే సూపర్‌వైజర్ల లైంగిక కోరికలకు లొంగాల్సిందేనన్న పరిస్థితి 2019లో బయటపడింది. అక్కడ కుదిరిన ఒప్పందంలో కొత్తదనం ఒక్కటే: ఫ్యాక్టరీ మాట తప్పితే బ్రాండ్లు ఆర్డర్లు తగ్గించాలి. తమిళనాడులో 2021లో ఒక దళిత కార్మికురాలిని సూపర్‌వైజర్ హత్య చేశాక, దళిత మహిళలు నడిపే సంఘం 2022లో ఇదే తరహాలో దిండిగల్ ఒప్పందం సాధించింది. అక్కడ ఫిర్యాదులను మొదట గమనించేది అదే ఫ్లోర్‌లో మిషన్ తొక్కే, శిక్షణ పొందిన ఆడవాళ్లే. పనిచోట హింస, వేధింపులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 190వ ఒడంబడిక కూడా 2019లోనే వచ్చింది.

ఇక సబ్‌కాంట్రాక్ట్ మెట్లన్నీ దిగితే ఇంట్లో కూర్చుని పూసలు కుట్టేవాళ్లు, గుండీలు వేసేవాళ్లు కనిపిస్తారు. దాదాపు అంతా ఆడవాళ్లే. పైన చెప్పిన ఒప్పందాలన్నీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతాయి. వీళ్లకోసం ఐఎల్‌ఓ 1996లోనే ప్రత్యేక ఒడంబడిక చేసింది. ఇన్నేళ్లయినా దాన్ని ఆమోదించిన దేశాలు ఇరవై కూడా లేవు.